చివరింటి హాజరు

వైశాఖ శుద్ధ విదియ

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. లైను చూసే మనిషి ఏ రోజు ఏం చేసిందో డైరీలో రాసి పైకి పంపాలని గాలి ఆఫీసు వాళ్ల పట్టు. చదివేవాళ్లు ఎవరూ లేరని నాకు తెలుసు. పోయిన ఏడాది ఒక రోజు "ఇవాళ వంకాయ కూర మాడింది" అని మాత్రమే రాసి పంపాను. ఎవరూ కిక్కురుమనలేదు.

పొద్దుటి సైరన్‌కు లేచాను. నీళ్ల మోటారు నడిపించాను. ఈశ్వరి వదిన ఇంట్లో సాకెట్ కాలిపోతే కొత్తది వేశాను. మోకాళ్లు నొప్పి. అది కూడా రాయవచ్చో లేదో తెలియదు, రాశాను.

సాయంత్రం ఇంటింటా మనుషులను లెక్కపెట్టే హాజరు చివరింట్లో మళ్లీ పడలేదు. అమావాస్య నుంచీ ఇదే వరస.

ఆ ఇంటి ఓదెలు పుట్టగొడుగుల గదిలో పని ముగించుకుని నా దగ్గరికి వచ్చాడు. హాజరు గురించి అనుకున్నాను, కాదు, బియ్యం గురించి.

"అక్కా, స్టోరు నుంచి బియ్యం రాలే. అడిగితే మీ ఇంట్ల బియ్యం నిండుగ ఉన్నయని మీ డబ్బనే చెప్పింది అంటున్నరు. ఇంట్ల చాటెడు లేవు."

ఆ స్టోరు వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. మా ఇంటి నుంచి ఒక శేరు పెట్టి పంపాను. ముందు హాజరు సంగతి చూసుకో నాయనా, బియ్యం తరవాత అన్నాను. అమావాస్య నుంచి పున్నమి దాకా ఒక్కసారైనా హాజరు పడని ఇంటిని ఖాళీ కింద రాస్తారు. ఖాళీ ఇంటికి గాలి పంపరు. అడ్డంగా గోడ కట్టి, దాని మీద సున్నంతో "బంద్" అని రాసిపోతారు. ఇంట్లోవాళ్లు చాపలు చుట్టుకుని పై హాలుకు పోవాలి.

"మేం ఉన్నం గదా అక్కా. నేనే పోయి చెప్తే చెల్లదా?"

చెల్లదు. బొగ్గు అయిపోయిన ఈ బాయిలో, అంటే ఈ పాత గనిలో, గాలి బంగారం. వెనకటికి లేని మనుషులను ఉన్నారని చెప్పి, ఖాళీ ఇళ్లకు గాలి తీసుకుని కోళ్లు పెంచారు. అప్పటి నుంచి మనిషి మాటకు విలువ లేదు, గోడకున్న డబ్బా గొంతులు విని చెప్పిందే వేదం. పైన ఎండలు మనుషులను బతకనిస్తే ఈ బాధంతా ఎందుకు? అది మాత్రం డైరీలో రాయకూడదట.

చవితి

పొద్దున చివరింటికి పోయాను. పోవడమంటే మాటలు కాదు. మా వరుసలో దీపాలున్నంత దూరం ఉన్నాయి, చివరి మలుపు తరవాత చీకటి. నెత్తి మీద టోపీ లైటు లేకపోతే అడుగు పడదు. ఆ లైటు ఒక్కటే నాకు ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఆస్తి.

ఒంటి గది ఇల్లు. ఓదెలు పనికి పోయాడు. అతని భార్య తిరుమలకు నెలలు నిండాయి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఓదెలు మేనత్త లచ్చవ్వ పొద్దున్నే పచ్చిమిరపకాయలు తొడిమెలు తీస్తోంది. ఆమెకు నోరు ఎక్కువ, చెవులు తక్కువ.

"వచ్చినవా లైనమ్మా. దీపం చూడనీకా, మమ్ముల చూడనీకా?"

"మిమ్మల్ని ఈ డబ్బాకు చూపించడానికి అవ్వా."

డబ్బాను వెతికితే స్టెబిలైజర్ మీద కనిపించింది. ఓదెలు జాగ్రత్తపరుడు, కరెంటు ఎక్కువై డబ్బా కాలిపోతుందేమోనని స్టెబిలైజర్‌కు పెట్టాడు. ఈ బాయిలో మాట గాలిలో పోదు, బొగ్గు గోడలు మింగేస్తాయి. దీపాలకు కరెంటు వచ్చే తీగల మీదే మాట కూడా పోవాలి. ఒక ఇంటి డబ్బా పక్కింటి డబ్బాకు చెబితే, అది ఆ పక్కింటికి చెబుతుంది. స్టెబిలైజర్ కరెంటును వడగట్టి పంపుతుంది, ఆ వడపోతలో మాట కూడా ఆగిపోతుంది. పాలు వడగట్టబోయి మీగడ పారేసుకున్నట్టు. డబ్బాను పీకి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టాను. మాట్లాడమన్నాను. లచ్చవ్వ ఓదెలును, స్టోరును, నన్ను వరుసగా తిట్టింది. డబ్బా అన్నీ విని, గొంతులు లెక్కపెట్టి, నా చేతిలోని హాజరు మరతో "ఉన్నారు" అని చెప్పింది.

అయిపోయిందనుకుని ఇంటికి వచ్చి హాయిగా తిన్నాను. సాయంత్రం హాజరు పడలేదు.

షష్ఠి

మళ్లీ పోయాను. మళ్లీ పగటిపూట బాగానే ఉంది. "ఉన్నారు" అంటుంది. సాయంత్రం దీపాల సైరన్ మోగి, మొదటి ఇంటి నుంచి వరుసగా హాజరు పడుతూ పోయి, చివరింటి వంతు వచ్చేసరికి నోరు పడిపోతుంది.

ఓదెలును నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు. సాయంత్రం దీపం మిణుకుతోందని ఫేజు మార్చాడట. మా వరుసకు కరెంటు మూడు తీగల మీద వస్తుంది. ఒక తీగలో బలం తగ్గితే, ఫ్యూజు పీకి ఇంకో తీగకు మార్చుకోవడం ఇక్కడ ప్రతి మగవాడూ పుట్టుకతో నేర్చిన విద్య. ఒక తీగ మీది మాట ఇంకో తీగ మీదికి దూకదని మాత్రం ఎవరికీ పుట్టుకతో రాదు.

"నాకేం ఎరుకక్కా. అందరు చేస్తరు గదా."

"అందరూ చేస్తే అందరింటికీ నేనే తిరగాలి."

ఫ్యూజు పాత తీగకే పెట్టి, దాని మీద తెల్ల టేపు అంటించి, ముట్టుకుంటే వేళ్లు విరుస్తానని చెప్పి వచ్చాను.

సాయంత్రం మా ఇంట్లో, వరుస కరెంటూ హాజరూ చూసే బోర్డు ముందు కూర్చుని చూశాను. ఈశ్వరి వదిన ఇల్లు, ఆరుగురు. పక్కిల్లు, ఇద్దరు. చివరిల్లు, ఏమీ లేదు. ఏడుపొచ్చింది. ఆకలి వేసి వచ్చిందో, నిజంగానే వచ్చిందో తెలియదు.

అష్టమి

ఇవాళ గొడవ పెట్టుకున్నాను.

ఈశ్వరి వదిన సాయంత్రం పూట మిక్సీ వేస్తుంది. వరుసంతటికీ పచ్చళ్లు ఆమె నూరాల్సిందే. మిక్సీ తిరిగినంతసేపు తీగల్లో ఒకటే రొద, ఆ రొదలో పక్క డబ్బా మాట ఎవరికీ వినపడదు. అందుకే హాజరు అయ్యేదాకా మిక్సీ ఆపమని అడిగాను. మర్యాదగానే అడిగాను. నాకు మర్యాద తక్కువని అందరూ అంటారు గానీ, మొదటి వాక్యం ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నదట," అంది వదిన. "నా ఇంటి హాజరు పడుతలేదా? నా పక్కింటిది పడుతలేదా? నా మిక్సీ దాకా ఎందుకొచ్చినవ్?"

"ఆ పిల్ల నిండు నెలల్లో ఉంది వదినా."

వదిన మిక్సీ తీసి, రోలు దగ్గర కూర్చుని, సాయంత్రమంతా దంచింది. ఆమె రోకటి పోటు ఒక్కొక్కటీ నా కోసమే వేసినట్టు వినపడింది.

రోకలి ఆగింది. హాజరు పడలేదు. ఇప్పుడు వదినకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

దశమి

పైకి పోయి జగదీశ్ సారును కలిశాను. గాలి ఆఫీసులో మంచివాడు ఆయనొక్కడే, మంచివాడు కాబట్టే ఆయన చేతిలో ఏమీ ఉండదు.

"కనకమ్మా, నువ్వు చెప్పేది నేను నమ్ముతున్నా. మిషను నమ్మాలి గదా. పున్నమి సాయంత్రం దాకా చూస్తది. ఆ తెల్లారి గోడ కట్టెటోళ్లు దిగుతరు. కాగితం మీద సంతకం నీదే పెట్టాలె, వరుస నీది గనుక."

మూలిగే నక్క మీద తాటికాయ పడటమంటే ఇదే. గోడ కట్టేది వాళ్లు, సంతకం నాది.

దిగి వచ్చేటప్పుడు చివరింటికి పోయాను. లచ్చవ్వ నిద్రపోతోంది. తిరుమల నా మొహం చూసి అంతా కనిపెట్టింది.

"అక్కా, నన్ను హాలుకు పంపకు," అంది. "పోయినేడు ఆడనే నా బిడ్డ దగ్గి దగ్గి పోయింది. వంద మంది దగ్గులు, ఒక్క కిటికీ గాలి. మళ్ల ఆడ పురుడు పోసుకొమ్మంటే నాతోని కాదక్కా. ఈ ఇంటి కోసం ఓదెలు ఎన్ని కాళ్లు పట్టుకున్నడో నీకెరుక."

ఎరుకే. అందులో రెండు కాళ్లు నావి.

ఏదో ఒకటి చేస్తానని చెప్పాను. చెప్పి బయటికి వచ్చాక, ఏం చేయాలో తెలియక ఆ చీకటి మలుపులో కాసేపు కూర్చున్నాను. చాలా అలసిపోయాను. ఈ వాక్యం జగదీశ్ సారు చదివితే చదవనీ.

చతుర్దశి

ఇన్ని రోజులూ పగటిపూట పోయి చూడటమే నా తెలివితక్కువతనం. కానీ సైరన్ వేళకు నేను బోర్డు దగ్గర ఉండాలి, ఉండకపోతే జీతం కోస్తారు. ఇవాళ సిగ్గు విడిచి ఈశ్వరి వదిన దగ్గరికే పోయాను. నా బదులు బోర్డు దగ్గర కూర్చోమన్నాను.

"మిక్సీ వేసుకోవచ్చా?" అంది.

"వేసుకో."

"పో మరి. ఆ పిల్ల సంగతి చూడు."

సైరన్ మోగేసరికి చివరింట్లో ఉన్నాను. పగలంతా సగం వెలుగులో ఉండే దీపం, బోర్డు నుంచి కరెంటు పెరగగానే పూర్తిగా వెలిగింది. ముగ్గురూ దీపానికి దండం పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. అది మామూలు దీపం కాదు. మూతపడిన ఏ ఇంట్లోంచో పీకిన పాతది, అమావాస్య ముందు స్టోరు వాళ్లు అంటగట్టారు. పూర్తిగా వెలిగితే సన్నగా గీ అంటుంది. నా మరను తీగకు ఆనించి చూశాను. తీగంతా రొద. వదిన మిక్సీ దీని ముందు పిల్లకాకి. దీపం ఆరితే గానీ ఈ ఇంటి మాట బయటికి పోదు.

ఇంతలో లచ్చవ్వ మంచం మీద నడుం వాల్చి, డబ్బా వైపు తిరిగి అంది, "దీపం పెద్దది చెయ్యి."

"దీపం పూర్తి వెలుగులోనే ఉంది," అంది డబ్బా, రేడియోలో వార్తలు చదివినట్టు.

"చూసినవా బిడ్డా? రోజూ గిదే లొల్లి. పెద్దది చెయ్యమంటే పెద్దగనే ఉన్నదంటది. దీనికి మాట ఎరుకలేదు." కొంగు మొహం మీదికి లాక్కుంది.

నేను నెత్తి కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, టోపీ ఉంది కాబట్టి సరిపోయింది. మా అమ్మమ్మ కూడా అంతే. దీపం ఆర్పమని ఏ రోజూ అనలేదు, పెద్దది చెయ్యమనేది. గాజు పగిలిందని అనలేదు, పెరిగింది అనేది. బియ్యం అయిపోయాయని అనలేదు.

"అవ్వా, స్టోరుకు బియ్యం సంగతి డబ్బాతో నువ్వే చెప్పినవా?"

"నేనే. అమాసకు ముందే బియ్యం నిండుకున్నయి, పంపుమన్న. పంపిండ్రా? పంపలే."

స్టోరు వాళ్లను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ డబ్బాలకు భాష నేర్పిన మహానుభావులు పుస్తకం చూసి నాలుగు ముక్కలు నేర్పారు. వెలిగించు, ఆర్పు, పెంచు, తగ్గించు. ఎవరి గొంతునైనా లెక్క వేసుకుంటుంది గానీ, ఇంట్లోవాళ్ల గొంతు చెప్పిందే చేస్తుంది. "బంద్ చెయ్" అందామంటే ఆ మాట మా దగ్గర గోడ కట్టిన ఇళ్లకు తప్ప ఎవరూ వాడరు.

"అవ్వా, ఒక్కసారి 'ఆర్పు' అను. ఇల్లు నిలబడుతది."

లచ్చవ్వ కొంగు తీసి నా వైపు చూసింది. ఎప్పుడూ లేనిది, మెల్లగా మాట్లాడింది.

"పోయినేడు హాలుల నేనే అన్న బిడ్డా ఆ మాట. కండ్లు మండుతున్నయని, దీపం ఆర్పుమన్న. తెల్లారి లేసి చూస్తే పిల్ల లేదు. ఇంక నా నోటెంట రాదు. ఈ ఇంట్ల ఎవ్వరి నోటెంట రానియ్య."

తిరుమల గోడ వైపు తిరిగింది. దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాను. అది ఆమెకు తెలియదా?

అప్పటికే హాజరు వంతు దాటిపోయింది. మిగిలింది రేపొక్కటే. డబ్బాకు కొత్త మాట నేర్పాలంటే పై నుంచి అనుమతి కావాలి, అది వానలు పడే నాటికి వస్తుంది. రోజూ వచ్చి నేను ఆర్పలేను కాబట్టి, అనుమతి లేకుండానే నా తాళంచెవితో డబ్బా తెరిచాను. లచ్చవ్వ "పెద్దది చెయ్యి" అనాలి, నేను తాళంచెవి తిప్పి దీపం ఆపాలి. మళ్లీ వెలిగించాలి, మళ్లీ అనాలి. మాట మంచిదైతే చాలు, చేసే పనితో ఆమెకు పేచీ లేదు. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆమె అలసిపోయి డబ్బాను పట్టుకుని "నీ తల్లి నీకేం నేర్పిందే" అని అడిగింది. చివరికి నేను చెయ్యి పెట్టకుండానే దీపం ఆరింది. పనిలో పనిగా "నిండుకున్నయి" కూడా నేర్పాను.

ఇంటికి పోయి స్నానం చేయకుండానే పడుకున్నాను.

పున్నమి

మధ్యాహ్నం నుంచి తిరుమలకు నొప్పులు.

బోర్డు దగ్గర ఈశ్వరి వదినను కూర్చోబెట్టి, పై నుంచి నర్సును పిలిపించమని చెప్పి, చివరింటికి ఉరికాను. ఉరకడమంటే నా మోకాళ్లతో ఎంత ఉరకగలనో అంత. సైరన్ మోగింది. దీపం వెలిగింది. గీ అంది. హాజరు మొదటి ఇంట్లో మొదలైంది.

"అవ్వా, దీపం పెద్దది చెయ్యమను."

లచ్చవ్వ తిరుమల నడుము రాస్తోంది. తల ఎత్తలేదు. "ఇయ్యాల చెప్ప."

"ఏం?"

"పురిటింట్ల దీపం లేకుంట ఉండొద్దు బిడ్డా. పెద్దది చేసినా, చిన్నది చేసినా, ఇంకో దీపం పెట్టినంకనే ఇది కొండెక్కాలె. తెల్వదా నీకు?"

తెలుసు. నా పురుడప్పుడు మా అత్త అదే చేసింది, ఆముదం దీపం పెట్టింది. అది పైన, ఇంకా నేల మీద బతికిన రోజుల్లో. ఇక్కడ బొగ్గు గ్యాసు ఉంది, అగ్గిపుల్ల గీస్తే మా వరుసతో పాటు పై వరుస కూడా లేచిపోతుంది. ఓదెలు మొహం తెల్లబోయింది. ఒకసారి భార్యను, ఒకసారి అత్తను చూస్తున్నాడు.

"హాజరు పడకపోతే రేపు గోడ కడతరు అవ్వా. పసిగుడ్డును పట్టుకుని హాలుకు పోతారా?" నా గొంతు పెరిగింది. "తాళంచెవి నా దగ్గరే ఉంది. నేనే తిప్పేస్తా."

"తిప్పు," అంది లచ్చవ్వ. "తిప్పినంక ఏమన్నయితే నీ మీద వేసుకుంటవా?"

తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తిప్పలేకపోయాను. దేవుడి మీద భయం కాదు. ఆ ముసలామె కళ్లలో భయం చూసి. నొప్పి వచ్చింది, తిరుమల ఓదెలు చెయ్యి పట్టుకుని అరిచింది. హాజరు ఈశ్వరి వదిన ఇంటి దాకా వచ్చినట్టు నా మర మీద కనిపించింది. ఇంక మధ్యలో ఉన్నది పక్కిల్లే.

అప్పుడు లచ్చవ్వ నా మొహం వైపు కాకుండా కాస్త పైకి చూసింది.

"నీ నెత్తి మీదున్నదేంది?"

తడుముకున్నాను. టోపీ లైటు. బ్యాటరీది. గోడ తీగలతో దానికి ఏ సంబంధమూ లేదు, దాని రొద ఎవరి హాజరుకూ అడ్డం రాదు. ఇన్ని రోజులూ దాన్ని నెత్తిన మోస్తూ ఈ ఇంటి చుట్టూ తిరిగాను.

తీసి ఇచ్చాను. లచ్చవ్వ దాన్ని కొంగుతో తుడిచి, గోడ గూట్లో పెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆఫీసు వాళ్ల ముద్ర మీదే పడింది బొట్టు. దండం పెట్టుకుంది. తరవాత డబ్బా వైపు తిరిగి, బడిపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది.

"దీపం. పెద్దది. చెయ్యి."

దీపం ఆరింది. గీ అనే రొద పోయింది. గూట్లో టోపీ లైటు ఒక్కటే వెలుగుతోంది. తిరుమల అరిచింది, ఓదెలు ఏదో అన్నాడు, లచ్చవ్వ దేవుళ్లందరినీ పిలిచింది, నేను "కానీ, కానీ" అంటున్నాను, ఎవరితోనో తెలియదు. నా మర మీద చివరింటి గడి వెలిగింది.

"ఉన్నారు. నలుగురు."

నర్సు వచ్చేదాకా అక్కడే కూర్చుని, ఆమె నన్ను బయటికి పంపాక, లైటు లేకుండా, గోడ పట్టుకుని, మలుపు దాటి ఇంటికి వచ్చాను. రెండుసార్లు పడ్డాను.

పై నుంచి బోర్డులో జగదీశ్ సారు మాట వినిపిస్తోంది. "కనకమ్మా, చివరింటి హాజరు పడ్డది, మంచిగైంది. గోడ పని ఆపిస్తున్న. కానీ నా దగ్గర ఆ ఇంట్ల ముగ్గురే అని ఉన్నది, ఇది నలుగురంటుంది. నీ గొంతు గిట్ల కలిసిందా? దిద్దమంటవా?"

"ఉండనియ్ సారూ," అన్నాను. "తెల్లారేసరికి నిజమైతది."

పాడ్యమి

పొద్దుటి సైరన్‌కు లేవలేదు. మోటారు ఆలస్యంగా నడిపాను, అందరూ తిట్టారు. ఈశ్వరి వదిన మిక్సీలో పుదీనా పచ్చడి నూరి చివరింటికి ఒక గిన్నె, నాకు ఒక గిన్నె పంపింది. స్టోరు నుంచి ఓదెలు ఇంటికి బియ్యం వచ్చాయి.

నా టోపీ లైటు ఇంకా ఆ గూట్లోనే ఉంది. పురుడు వెళ్లేదాకా అడగకూడదట. కొత్తది ఇవ్వమని రాస్తున్నాను. కారణం అనే చోట "పెద్ద పనికి వాడబడింది" అని రాశాను, ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు. అది వచ్చేదాకా తడుముకుంటూనే తిరగాలి.

సాయంత్రం హాజరు. ఈశ్వరి వదిన ఇల్లు, ఆరుగురు. పక్కిల్లు, ఇద్దరు. చివరిల్లు, నలుగురు.

ఆ వేళకు నేను నా బోర్డు ముందే కూర్చుని ఉన్నాను.